ముందు ఫోటో, తర్వాతే మోటారు

నా మేనకోడలు బిందుమాధవి ఎవరని మా ఊళ్ళో అడిగితే "స్టార్టర్లు చేసే అమ్మాయి" అంటారు. అంతవరకు నిజమే. పిడుగురాళ్ల దాటి దాచేపల్లి వైపు వెళ్తూ ఎడమకి తిరిగితే మా ఊరు వస్తుంది. బస్సు ఆగే చోట రేకుల కొట్టు పెట్టుకుని, బోరు మోటార్లకి ఫోనుతో నడిచే స్టార్టర్లు తయారు చేసి అమ్ముతుంది. కానీ ఆ పిల్ల గురించి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవటం నా వల్ల కాదు. నా పేరు అంకమ్మరావు. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. నోరు కాస్త పెద్దదని అందరికీ తెలుసు, కాబట్టి వినేవాళ్ళు సర్దుకోవాలి.

మా అక్క వెంకటరావమ్మకి బిందు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి వదలగానే నేను ఏ స్తంభం మీదుంటే ఆ స్తంభం కిందకి వచ్చి నిలబడేది. "మావయ్యా, ఆ తీగ తెగితే ఏ వీధిలో దీపాలు పోతాయి?" అని కింద నుంచి కేకేసేది. కసిరినా కదిలేది కాదు. పదో తరగతి అయ్యాక నరసరావుపేటలో ఐటీఐ చదువుతానంది, అదీ ఎలక్ట్రీషియన్ కోర్సు. క్లాసులో ఆడపిల్ల తనొక్కతే. మా బావ ఆదెయ్య "కుట్టు మిషను నేర్చుకోరాదటే?" అన్నాడు. "కుట్టు మిషనుక్కూడా మోటారు ఉంటది నాన్నా, అది పాడైతే ఎవరు చేస్తారు?" అని ఎదురడిగింది. మా బావ మాటకి మాట చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో అదొక్కతే. పెళ్ళయ్యాక అత్తవారిల్లు కూడా మా ఊళ్ళోనే, రెండు వీధుల అవతల. భర్త నాగేంద్రబాబు స్పిన్నింగు మిల్లులో పని చేస్తాడు. మంచివాడు. భార్య కొట్టుకి రేకులు తనే ఎక్కి బిగించాడు.

మొదట్లో ఆడపిల్ల చేసిన స్టార్టరు పెడితే మోటారు కాలిపోతుందని రైతులు భయపడ్డారు. ఇప్పుడు "బిందు పెట్టె" అంటే చుట్టుపక్కల నాలుగూళ్ళలో తెలియని రైతు లేడు. కానీ ఆ పెట్టెలో ఒక మీట ఉంది, దాని పేరు ఆటో. ఆ మీట దగ్గరే నాకూ దానికీ పడేది కాదు. పొలాలకి త్రీఫేజు కరెంటు తెల్లవారాక వస్తుంది, ఏ నిమిషాన వస్తుందో ఎవడూ చెప్పలేడు. ఆటోలో పెట్టుకుంటే కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు తిరుగుతుంది. ఒకడు పెట్టుకుంటే అది సుఖం. ఊరంతా పెట్టుకుంటే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజి కుంగిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు ఎగిరిపోతాయి. సర్వీసంతా "ఆటోలు పీకండ్రా" అని అరిచి అరిచి నా గొంతు ఇలా అయింది. తీరా నా ఒళ్ళో పెరిగిన పిల్లే వాటిని చేసి అమ్మటం మొదలెట్టింది.

"నీ మీద కేసు రాయించాలే" అన్నాను ఒకసారి.

"రాయించు మావయ్యా. మొదటి పెట్టె మీ బావ షెడ్డులోనే పెట్టా. అక్కణ్ణించే మొదలెట్టు" అంది.

అదీ నిజమే. మా బావ మోటారు ఊరందరి మోటార్ల కన్నా ముందు లేస్తుంది. పక్క పొలం మొహిద్దీన్ బాషాది, రెండు బోర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎవరి మోటారు ముందు లేస్తే వాళ్ళకి నీళ్ళు బాగా వస్తాయి. "నా మోటారు నీళ్ళు పోస్తుంటే బాషా మోటారు ఇంకా దగ్గుతుంటది" అని మా బావ రచ్చబండ దగ్గర మీసం దువ్వేవాడు. కూతురు గొప్పదని మాత్రం ఎప్పుడూ అనలేదు. పెట్టె మంచిదనేవాడు, అంతే.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది పత్తి పూతకొచ్చిన రోజుల్లో మా బావ చేనుకి పురుగుమందు కొడుతూ గట్టు మీద పడిపోయాడు. మూతికి గుడ్డ లేదు, గాలి ఎదురుగా కొడుతోంది, కడుపులో ఏమీ లేదు. నోట్లో నురగ వస్తుంటే బాషా చూసి మోటారు సైకిలు మీద వెనక ఇంకొకణ్ణి ఎక్కించి, ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని పిడుగురాళ్ల తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి గుంటూరు పంపించారు. మనిషి దక్కాడు. డాక్టరు బిందుని బయటికి పిలిచి, "ఇక ఈయన మందు వాసన కూడా చూడకూడదమ్మా. ఇంకోసారైతే నేను మాటివ్వలేను" అన్నాడు. మందు కొట్టే రోజుల్లో పొలం వైపే వెళ్ళొద్దన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు.

ఇంత జరిగాక ఎవడైనా మారతాడు. మా బావ మారలేదు. ఈ ఏడాది పూత రాగానే మళ్ళీ అదే పాట. కూలివాళ్ళకిద్దామంటే ఒప్పుకోడు. "వాళ్ళు ఆకు పైన చల్లి పోతారు, పురుగు కాయలో ఉంటది. నేనైతేనే కింద నుంచి కొడతా" అంటాడు. మందు కొట్టే తైవాను పంపుకి పెట్రోలు పోసి సిద్ధంగా పెట్టుకున్నాడు. పత్తికి గులాబీ పురుగు అంటే అంత భయం. కాయ పైకి నిగనిగలాడుతుంది, లోపల గింజంతా తినేసి ఉంటుంది.

ఆ పురుగు వచ్చిందో లేదో తెలుసుకోవటానికి లింగాకర్షక బుట్టలని ఉంటాయి. అట్ట గుడారం లాంటి బుట్టలో ఆడ పురుగు వాసన వేసే బిళ్ళ పెడతారు, అడుగున జిగురు పూసిన తెల్ల అట్ట ఉంటుంది. రాత్రి మగ పురుగులు ఎగిరొచ్చి అట్టకి అంటుకుంటాయి. పొద్దున లెక్క చూసి, రోజూ ఎనిమిదికి తగ్గకుండా పడుతుంటేనే మందు కొట్టాలని వ్యవసాయాధికారి చెప్పాడు. బిందు బుట్ట తెచ్చి పొలంలో పెట్టింది. పొద్దున్నే వెళ్ళి చూసి వచ్చి, "రెండే ఉన్నాయి నాన్నా, ఇప్పుడు మందు అక్కర్లేదు" అంది.

మా బావ నమ్మలేదు. "నన్ను ఆపటానికి చెబుతున్నావులే."

మర్నాడు ఫోనులో ఫోటో తీసి తెచ్చింది. "ఇది నిన్నటిదో మొన్నటిదో నాకేం తెలుసు" అన్నాడు. పొలం నుంచి వీడియో కాల్ చేసింది. "ఫోను నీ చేతిలో ఉందిగా, అట్ట తుడిచి చూపిస్తున్నావేమో" అన్నాడు. నన్ను పంపించారు. "నువ్వు నీ అక్క తమ్ముడివి, నీ మాట అసలే నమ్మను" అన్నాడు. ఆడవాళ్ళంతా కలిసి తనని కాపాడే కుట్ర పన్నారనీ, నేనూ అందులో చేరాననీ ఆయన నమ్మకం. కాపాడటం కూడా ఒక నేరమే ఆయన దృష్టిలో.

"మరి నువ్వెలా నమ్ముతావు?" అని విసిగిపోయి అడిగింది బిందు.

"మనిషి చెయ్యి పడకుండా, దానంతటదే ఫోటో తీసి నా ఫోనుకి పంపాలి. మీద తారీకు, టైము ఉండాలి. అప్పుడు చూస్తా."

ఏదో నోరు మూయించటానికి అన్నాడు. ఆ పిల్ల దాన్ని పట్టుకుంది.

స్టార్టర్ల పని కోసం దాని దగ్గర ఆర్డుయినో బోర్డులు ఉంటాయి, సైన్సు ఫేరుల్లో పిల్లలు వాడే నీలం రంగు ముక్కలు. దానికి తగిలించే చిన్న కెమెరా ఒకటి ఆన్‌లైనులో తెప్పించింది. బొటనవేలి గోరంత కన్ను, వెనక నాలుగు తీగలు. సీరియల్ కెమెరా అంటారట. ఫోటో మొత్తాన్ని ఒక్కసారి ఇవ్వదు, చిన్న చిన్న ముక్కలుగా చేసి ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి పంపుతుంది. బోర్డు వాటిని వరసగా దండ గుచ్చినట్టు గుచ్చి ఫోటో చేసి, స్టార్టరులో ఉన్న సిమ్ముతోనే ఫోనుకి పంపాలి.

కొట్టులో బల్ల మీద పెట్టి బిగించింది. నేను ఎదురుగా టీ తాగుతూ కూర్చున్నాను. కెమెరా మీద ఆర్, టీ అని గుర్తులున్నాయి, బోర్డు మీదా అవే ఉన్నాయి. ఆర్‌ని ఆర్‌కి, టీని టీకి కలిపింది. నేను తలూపాను. మా పనిలో అంతేగా, మోటారుకి ఏ ఫేజు తీగ ఆ ఫేజుకే వెళ్ళాలి, తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. బోర్డేమో "కెమెరా లేదు" అంటోంది. తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ లేదంది. ఎదురుగా కనబడుతున్న కెమెరాని లేదంటుంటే నాకు ఒళ్ళు మండింది.

కాసేపు బుర్ర గోక్కుని ఒక్కసారిగా నవ్వింది. "మావయ్యా, మనం మోటారు బుద్ధితో కలిపాం. టీ అంటే మాట్లాడే నోరు, ఆర్ అంటే వినే చెవి. నోటికి నోరు పెట్టాం. ఇద్దరూ మాట్లాడుతున్నారు, వినేవాడు లేడు."

"మన పంచాయతీ మీటింగులాగా" అన్నాను.

తీగలు అటుదిటు మార్చింది. బోర్డు మాట ఐదు వోల్టులతో వస్తుందట, కెమెరా చెవి మూడు వోల్టులు దాటితే తట్టుకోలేదట, అందుకని మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి గొంతు తగ్గించింది. పదకొండు వేల వోల్టుల కింద బతికినవాణ్ణి, నాకు నవ్వొచ్చింది. కానీ కెమెరా పలికింది. మొదటి ఫోటోలో నేనే ఉన్నాను, చేతిలో టీ గ్లాసుతో, నోరు తెరుచుకుని. స్పష్టంగా వచ్చింది. దాన్ని ఇప్పటికీ ఫోనులోంచి తీసెయ్యటం లేదు, ఎన్నిసార్లు చెప్పినా.

పొలంలో బుట్టలో కెమెరా బిగించి, బోర్డుని మోటారు షెడ్డులో స్టార్టరు పక్కన పెట్టింది. బయట పెడితే పోతుంది, షెడ్డుకైతే తాళం ఉంటుంది. పొద్దున త్రీఫేజు రాగానే దానంతటదే ఫోటో తీసేట్టు బోర్డుకి చెప్పింది. బుట్టకీ షెడ్డుకీ మధ్య తీగ వెయ్యాలి. నేల మీద వేస్తే పందికొక్కులు కొరుకుతాయి, కాలవ తవ్వితే పూత మీదున్న చెట్ల వేళ్ళు తెగుతాయి. బుట్ట పక్కనుంచే మోటారు తీగ వెళ్ళే పైపుంది. మా పక్కల అందరూ చేసినట్టే ఆ పైపులోంచే కెమెరా తీగ కూడా లాగించింది. పైపు ఉండగా వేరే దారి ఎవడు చూస్తాడు? నేనూ అలాగే చేసేవాణ్ణి.

తెల్లవారింది. బావ ఫోను మోగింది. ఫోటో వచ్చింది. తారీకు ఉంది, టైము ఉంది, పైన సగం అట్ట కనబడుతోంది, అందులో ఒక పురుగు ఉంది. కింద సగం బూడిద రంగు, అంతే. ఏమీ లేదు.

మా బావ ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. "పై సగంలో ఒకటుంది. కింద సగంలో పాతికున్నాయేమో ఎవడు చూశాడు?"

 అదీ సరైన మాటే.

"శనివారం దాకా చూస్తా. శనివారం పొద్దున నిండు ఫోటో వస్తే, అందులో పురుగులు లేకపోతే, ఆగుతా. లేకపోతే పంపు వీపుకి తగిలించుకుంటా. బాషా కూడా ఆ రోజే కొడతన్నాడు" అన్నాడు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి బిందుకి నిద్రా తిండీ లేవు. కెమెరా పంపే వేగం తగ్గించింది. ఒక్కసారి ఎక్కువ ముక్కలు అడక్కుండా కొద్దికొద్దిగా అడిగేట్టు మార్చింది. సిమ్ము కార్డు మార్చింది. వేలు పెట్టి తీగలన్నీ ఒత్తి ఒత్తి చూసింది. మధ్యాహ్నం పొలానికి వెళ్ళి ఫోటో తీస్తే అద్దంలా వస్తుంది. ఇంట్లో తీస్తే అద్దంలా వస్తుంది. పొద్దున మాత్రం సగమే. "మంచు పడుతోందేమోనే, కెమెరాకి జలుబు చేసిందేమో" అన్నాను. కోపంగా చూసింది. నేను నోరు మూసుకోవటం అరుదు, అప్పుడు మూసుకున్నాను.

ఆ రాత్రి నాగేంద్రబాబు డ్యూటీకి వెళ్తూ, "మామగారు మొండాయన, నీవల్ల కాకపోతే తప్పేం లేదు బిందూ" అన్నాడట, ఓదార్పుగా. "నావల్ల కాకపోతే మా నాన్న చచ్చిపోతాడు" అందట. మర్నాడు అతను నాకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత దానికి ఒకటి తట్టింది. మధ్యాహ్నానికీ పొద్దుటికీ తేడా ఏమిటి? పొద్దున త్రీఫేజు వస్తుంది. ఊళ్ళో ఆటోలన్నీ ఒక్కసారి లేస్తాయి, వోల్టేజి కుంగుతుంది. ఆ కుంగుడుకి కెమెరాకి మధ్యలో మూర్ఛ వస్తోందేమో. "చూశావా నీ ఆటోల పుణ్యం" అని గొంతు దాకా వచ్చింది. దాని మొహం చూసి మింగేశాను. వెంటనే పాత మోటారు సైకిలు బ్యాటరీ ఒకటి తెచ్చి బోర్డుకీ కెమెరాకీ దాన్నుంచే కరెంటు ఇచ్చింది. గురువారం వెలుగు రాకముందే నన్ను లేపి పొలానికి తీసుకెళ్ళింది.

షెడ్డులో కూర్చున్నాం. త్రీఫేజు వచ్చింది. మా బావ మోటారు టక్కున లేచింది. వెనకే బాషాది, ఆ వెనకే పొలాలన్నీ గుయ్యిమన్నాయి. షెడ్డులో బల్బు నిప్పు కణికలా ఎర్రబడి మళ్ళీ తేరుకుంది. బోర్డు మీద చిన్న దీపం మాత్రం బ్యాటరీ మీద నిలకడగా వెలుగుతోంది. ఫోటో వచ్చింది. పైన అట్ట, కింద బూడిద లేదు కానీ, రంగు రంగుల చారలు. అదీ పనికిరాదు.  ఆ పిల్ల మాత్రం నవ్వింది.

"జబ్బు మారింది మావయ్యా! ఇదివరకటిది పోయింది. దాని వెనక ఇంకోటి దాక్కుని ఉంది."

నాకు ఆ నవ్వు అర్థం కాలేదు గానీ ఆ పిల్లని చూస్తే భలే గర్వమనిపించింది. పోయిందనుకున్న చోట దానికి దారి కనపడుతోంది. మోటారు ఆపమంది, ఆపాను. ఫోటో తీసింది, నిండుగా వచ్చింది. మోటారు నడుస్తుండగా తీసింది, నిండుగానే వచ్చింది. "ఇప్పుడు నేను ఫోటో మొదలెడతా, మధ్యలో నువ్వు మోటారు స్టార్టు చెయ్" అంది. చేశాను. చారలు. మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చారలు.

"లేచే క్షణమే" అంది. "మోటారు లేచేటప్పుడు ఎంత కరెంటు లాగుతదో నీకు తెలుసుగా. ఆ తీగ, కెమెరా తీగ ఒకే పైపులో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పక్కన అంత పెద్ద అరుపు అరిస్తే దీని మాట ఎట్టా వినపడుద్ది? మధ్యలో ముక్కలు పోతున్నాయి."

పైపు మార్చటానికి కుదరదు, పత్తి తీసేదాకా ఆగాలి. వేరే దారేదని నేను అడిగేలోపే చెప్పింది. స్టార్టరు, కెమెరా రెండూ ఒకే బోర్డు మాట వింటున్నాయి. కరెంటు రాగానే మోటారుని లేపకుండా, ముందు ఫోటో తీసి పంపించి, అది వెళ్ళాక మోటారుని లేపమని బోర్డుకి చెబితే చాలు. కానీ దాంతో మా బావ మోటారు ఊరందరి కన్నా వెనక పడుతుంది.

"ఆయనకి చెప్పకుండా పెట్టెయ్యవే. రెండు నిమిషాల తేడా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"నువ్వూరుకో మావయ్యా" అని బండి ఎక్కింది.

మా బావ వాకిట్లో మంచం మీద కూర్చుని తైవాను పంపు గొట్టాలు కడుగుతున్నాడు. బిందు ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. బ్యాటరీ గురించి, పైపు గురించి, అన్నీ. ఆఖరున అసలు మాట చెప్పింది.

మా బావ గొట్టం కింద పెట్టాడు. "అంటే నా మోటారు బాషా మోటారు తర్వాత లేవాలా?"

"అవును నాన్నా."

"నీళ్ళు తగ్గుతయ్యి."

"తగ్గుతయ్యి. నాకు నీళ్ళ కన్నా నువ్వు ముఖ్యం."

ఆ ఇంట్లో అలాంటి మాట పైకి అనటం ఎవరికీ అలవాటు లేదు. మా బావ ఎటో చూశాడు. "ఈ సంగతి నాకు చెప్పకుండా పెట్టెయ్యొచ్చుగా? నాకేం తెలుస్తది?" అన్నాడు.

నేను గొంతు సవరించుకుని గోడ వైపు తిరిగాను.

"పెట్టొచ్చు. అట్టా పెడితే రేపు వచ్చే ఫోటో కూడా నిన్ను మోసం చేసి తెచ్చిందే అవుద్ది" అంది బిందు. "నమ్మాలంటే అంతా నమ్మాలి నాన్నా. సగం కాదు."

 మా బావ పంపు గొట్టాలు మళ్ళీ కడగటం మొదలెట్టాడు. తలెత్తకుండానే "పెట్టు" అన్నాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల షెడ్డులో కూర్చుని బోర్డుకి కొత్త వరస నేర్పింది. శుక్రవారం పొద్దున త్రీఫేజు రానే లేదు. ఎక్కడో లైను పోయిందట. మధ్యాహ్నమొచ్చింది, అప్పటికి ఫోటో తీసే వేళ దాటిపోయింది. నా పాత శాఖని నేను తిట్టినన్ని తిట్లు ఇంకెవరూ తిట్టి ఉండరు.

శనివారం తెల్లవారేసరికి నేను మా అక్క ఇంట్లో ఉన్నాను. మా బావ లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని, తలగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. పంపు అరుగు మీద నిండుగా ఉంది, మందు డబ్బా పక్కనుంది. మా అక్క పొయ్యి కూడా వెలిగించలేదు. బిందు స్తంభానికి ఆనుకుని నిలబడి తండ్రి చేతిలో ఫోను వంక చూస్తోంది.  పొలాల వైపు నుంచి ఒక్కసారిగా మోటార్ల హోరు వినబడింది. త్రీఫేజు వచ్చింది. ఆ హోరులో మా మోటారు లేదని మా బావకీ తెలుసు. పళ్ళు బిగపట్టాడు.

ఫోను మోగింది.

మా బావ అద్దాలు సర్దుకుని చూశాడు. వేళ్ళతో పెద్దది చేసి పై నుంచి కింద దాకా, కింద నుంచి పై దాకా చూశాడు. నేను భుజం మీదుగా తొంగి చూశాను. తెల్ల అట్ట నాలుగు మూలలూ కనబడుతున్నాయి. మూలన ఆ రోజు తారీకు. మధ్యలో పురుగులు మూడు. ఇంకోటి పురుగనుకుని మా బావ గోటితో గీకి చూశాడు, అది పత్తి పూరేకు.

"మూడు" అన్నాడు.

ఇంతలో ఫోను మళ్ళీ మోగింది, మోటారు లేచిందని స్టార్టరు పంపే మెసేజి. దాన్ని చూశాడో లేదో, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. నాకు ఆత్రం ఆగలేదు. "బావా, పోయి అట్ట కళ్ళారా చూసి రమ్మంటావా?" అన్నాను.

"ఎందుకూ? అమ్మాయి నన్ను అడిగి పెట్టిందిరా" అన్నాడు.

బిందు చప్పున వెనక్కి తిరిగి మొహం దాచుకుంది. దాని భుజాలు కదులుతున్నాయి. ఎన్నెన్నో పెట్టెలు బాగు చేసిన పిల్ల, ఒక్కనాడూ కంట తడి పెట్టి ఎరగదు.  మా వంశంలో ఇలాంటి పిల్ల పుట్టిందని ఆ క్షణాన ఊరంతా వినేట్టు అరవాలనిపించింది.

వీధిలో మోటారు సైకిలు ఆగింది. మొహిద్దీన్ బాషా, వెనక పంపు కట్టుకుని, ఇంజను ఆపకుండానే కేకేశాడు. "ఆదెయ్యన్నా! రా పోదాం, ఎండెక్కకముందే కొట్టేద్దాం!"

మా బావ అరుగు దిగాడు. మా అక్క ఊపిరి బిగపట్టింది. ఆయన పంపు దగ్గరికి వెళ్ళి, దాన్ని ఎత్తి గోడ పక్కకి తిప్పి పెట్టి, గేటు దాకా నడిచాడు.

"నేను రాను బాషా. నువ్వు కూడా కాసేపు ఆగి లోపలికి రా, ఫోటో చూద్దువు. మా అమ్మాయి కొట్టొద్దంది."

"ఏందన్నా?" అన్నాడు బాషా ఆశ్చర్యంగా, ఇంజను ఆపి.

ఎదురింటి అరుగుల మీద ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. వాళ్ళకి కూడా వినపడేట్టుగా, నా గొంతుని మించిన గొంతుతో మా బావ మళ్ళీ చెప్పాడు.

"మా అమ్మాయి కొట్టొద్దందిరా!"